ఫలం చెప్పని శ్రమ: విశ్వజిన్న్యాయం వెలుగులో మైన్‌క్రాఫ్ట్ 'డీప్ డార్క్' ప్రాంతం

పూర్వమీమాంసలో విశ్వజిన్న్యాయం అనే నిర్ణయం ఒకటి ఉంది. విశ్వజిత్తు అనే యాగం చేయాలని వేదం విధించింది గాని, చేసినవానికి ఏమి లభిస్తుందో చెప్పలేదు. యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చివేయవలసిన యాగమది. రఘువంశం ఐదవ సర్గలో కౌత్సుడు వచ్చేసరికి రఘువు చేతిలో మట్టిపాత్ర మాత్రమే మిగిలి ఉండడానికి కారణం ఈ యాగమే. ఇంతటి త్యాగాన్ని విధించి ఫలం చెప్పకపోవడమేమిటన్న ప్రశ్నను జైమిని సూత్రాల నాల్గవ అధ్యాయమూ, దానిపై శబరస్వామి భాష్యమూ చర్చించాయి. ఫలం లేదని ఊరుకుంటే ఆ పనికి ఎవరూ పూనుకోరు, విధి వ్యర్థమవుతుంది. కనుక ఫలాన్ని ఊహించక తప్పదు. స్వర్గాన్ని కోరనివారు ఉండరు గనుక ఊహించవలసిన ఫలం స్వర్గమే అని సిద్ధాంతం.

ఈ నిర్ణయం యజ్ఞశాలకు పరిమితమైనదిగా కనిపించినా, దాని వెనుక ఉన్న మనోధర్మం సార్వత్రికమైనది. పెద్ద శ్రమ కనిపించిన చోట పెద్ద ఫలం ఉండి తీరుతుందని మనిషి ఊహిస్తాడు. ఆ ఊహ తప్పినప్పుడు దానిని దురదృష్టం అనడు, అన్యాయం అంటాడు. శ్రమకు ఫలంపై నిజంగానే హక్కు ఉందా, ఉంటే ఏ శ్రమకు, ఎవరి మీద అన్నది ప్రస్తుత వ్యాసంలోని విచారణ. దీనికి ఉదాహరణగా స్వీకరించినది ఒక వీడియో గేములోని ప్రాంతం. ఇట్టి ఎంపికకు కారణం ఉంది. లోకంలో కష్టం ఒకచోట నుంచి, ఫలం మరొకచోట నుంచి వస్తాయి. వాటి మధ్య వర్షం, మార్కెట్టు, పుట్టుక, అధికారం అడ్డుపడతాయి. అందుచేత ఫలం దక్కనివాని ఫిర్యాదు ఎవరికి చేరాలో తేలదు. ఆటలో అలా కాదు. కష్టాన్నీ ఫలాన్నీ అంకెలతో సహా అమర్చినది ఒకే నిర్మాణ బృందం. ప్రశ్న అడగడానికి ఎదుట ఒకరున్నారు.

ప్రాంత స్వరూపం

స్వీడన్‌కు చెందిన మోజాంగ్ సంస్థ నిర్మించిన మైన్‌క్రాఫ్ట్ పూర్తిరూపంలో 2011 నవంబరులో వెలువడింది. అందులో 'సర్వైవల్' అనే మనుగడ పద్ధతిలో ఆడేవారు చెట్లు నరికి, రాయి తవ్వి, ఆహారం సంపాదించి, రాత్రిపూట వచ్చే భూతాల నుంచి తమను తాము కాపాడుకోవాలి. 2022 జూన్ 7న వచ్చిన 1.19 సంస్కరణలో భూగర్భంలో అతిలోతున 'డీప్ డార్క్' అనే కొత్త ప్రాంతాన్ని చేర్చారు. దానిలో అక్కడక్కడా 'ఏన్షియెంట్ సిటీ' పేరిట శిథిల నగరాలున్నాయి. ఈ ప్రాంతాన్నీ, దానిలోని 'వార్డెన్' అనే ప్రాణినీ 2020 అక్టోబరులోనే ప్రకటించారు. అంటే ఆటగాళ్లు ఏడాదిన్నరకు పైగా దీనికోసం ఎదురుచూశారు.

ఆ ప్రాంతంలో ఇతర చోట్ల పుట్టే భూతాలేవీ పుట్టవు. అంతటా స్కల్క్ అనే నల్లని పదార్థం పరచుకొని ఉంటుంది. స్కల్క్ సెన్సర్ అనే దిమ్మ చుట్టుపక్కల అడుగుల చప్పుడును, పెట్టె తెరిచిన చప్పుడును, రాయి పగిలిన చప్పుడును పసిగడుతుంది. ఆ కదలిక ఆటగాడిదైతే స్కల్క్ ష్రీకర్ అనే మరొక దిమ్మ కీచుమని అరుస్తుంది. మొదటి మూడు అరుపులూ హెచ్చరికలు. నాల్గవ అరుపుకు నేలను చీల్చుకొని వార్డెన్ పైకి వస్తుంది. కదలక మెదలక ఉన్నవారిపై హెచ్చరికల లెక్క పది నిమిషాలకొకటి చొప్పున తగ్గుతుంది.

వార్డెన్‌కు కళ్లు లేవు. చప్పుడును బట్టి, వాసనను బట్టి వెతుకుతుంది. దాని ప్రాణబలం 500 పాయింట్లు. ఆట ముగింపు శత్రువుగా భావించే ఎండర్ డ్రాగన్ ప్రాణబలం 200. ఆటగాడి ప్రాణం 20. సాధారణ కఠినతా స్థాయిలో వార్డెన్ కొట్టే ఒక దెబ్బ 30 పాయింట్లు. కవచం ధరించినా ఎక్కువసేపు నిలవడం అసాధ్యం. ఎత్తైన చోట నిలబడి బాణాలు వేద్దామనుకొనేవారికి మరో అడ్డు ఉంది. అది దూరం నుంచి ప్రయోగించే ధ్వనితాడనం కవచాన్నీ డాలునూ లెక్కచేయదు.

ఇంత కష్టపడి దానిని చంపగలిగినవానికి దక్కేది ఒక స్కల్క్ కేటలిస్ట్ దిమ్మ, 5 అనుభవ పాయింట్లు. ఎండర్ డ్రాగన్‌ను మొదటిసారి చంపితే వచ్చే అనుభవం 12,000. ఆట మొదటి రాత్రి తలుపు ముందుకు వచ్చి నిలిచే మామూలు జాంబీని చంపినా 5 పాయింట్లే వస్తాయి. ఇక ఆ కేటలిస్ట్ దిమ్మ కోసం వార్డెన్‌ను చంపనవసరమే లేదు. సిల్క్ టచ్ మంత్రమున్న పనిముట్టుతో అదే ప్రాంతంలో తవ్వి తెచ్చుకోవచ్చు. ఇది పొరపాటున జరిగినది కాదు. వార్డెన్ పోరాడవలసిన శత్రువు కాదనీ, తప్పించుకోవలసిన ఉపద్రవమనీ నిర్మాతలు బహిరంగంగానే చెప్పారు.

విధి, అర్థవాదం, నిషేధం

వార్డెన్‌ను చంపి ఏమీ పొందని ఆటగాడి ఆక్షేపం తార్కికంగా విశ్వజిన్న్యాయాన్నే అనుసరిస్తుంది. ఇంతటి కష్టం పెట్టినవారు ఫలం పెట్టకుండా ఉండరు, ఉండకూడదు అని అతని వాదం. అయితే మీమాంసకులు స్వర్గాన్ని ఊహించడానికి తొందరపడినవారు కారు. రాత్రిసత్రన్యాయమని మరొకటి వారికుంది. ఒక కర్మకు విధివాక్యంలో ఫలం కనిపించకపోయినా, దాని పక్కనే ఉన్న అర్థవాదంలో, అంటే ఆ కర్మను ప్రశంసించే వాక్యంలో, ఫలం కనిపిస్తే దానినే గ్రహించాలి. దగ్గరలో ఉన్న మాటను వదిలి దూరపు స్వర్గాన్ని కల్పించకూడదు.

ఈ న్యాయం ప్రకారం చూస్తే డీప్ డార్క్‌లో ఫలం లేకపోలేదు. అది శత్రువు శరీరంలో గాక, శిథిల నగరపు పెట్టెల్లో ఉంది. ఆ పెట్టెల్లో దొరికే 'స్విఫ్ట్ స్నీక్' అనే మంత్రం మరెక్కడా దొరకదు. మామూలుగా వంగి నడిచేవాని వేగం సాధారణ నడకలో 30 శాతం. ఈ మంత్రపు మూడవ స్థాయి ఆ వేగాన్ని 75 శాతానికి పెంచుతుంది. చప్పుడు చేయకుండా నడవడం నేర్చుకున్నవానికి, చప్పుడు చేయకుండా మరింత త్వరగా నడిచే శక్తి బహుమతి. ఇక్కడే దొరికే ఎకో షార్డులు ఎనిమిదింటిని ఒక దిక్సూచితో కలిపితే రికవరీ కంపాస్ తయారవుతుంది. అది ఉత్తరాన్ని చూపదు, ఆటగాడు చివరిసారి చచ్చిపోయిన చోటును చూపుతుంది. మృత్యువుకు అతిసమీపంలో తిరిగినవాడు పట్టుకొచ్చుకున్న వస్తువు మళ్లీ మృత్యువు వైపే ముల్లు తిప్పుతుందన్నమాట. ఈ రెండు ఫలాల్లోనూ ఒక లక్షణం సమానం. అవి అనుభవించిన బాధకు వెలకట్టి ఇచ్చిన కూలి కావు. అక్కడ అలవడిన నేర్పుకు కొనసాగింపులు.

నగరం తన రక్షణోపాయాన్ని కూడా తానే చూపిస్తుంది. ఉన్ని చప్పుడును అణచివేస్తుంది. శిథిలాల్లో ఉన్ని దిమ్మలూ తివాచీలూ పరచి ఉన్నాయి. ఏనాడో అక్కడ బతికినవారు కూడా వార్డెన్‌కు భయపడి మెత్తగా నడిచేవారని చూసేవారికి తడుతుంది. ఒక్క అక్షరం రాయకుండా చేసిన అర్థవాదం ఇది.

మరి వార్డెన్ మాటేమిటి? దానిని విధిగా కాక నిషేధంగా చదవడమే సరైనదని తోస్తుంది. కలంజమనే పదార్థాన్ని తినకూడదన్న వేదవాక్యాన్ని మీమాంసకులు వివరించిన తీరు ఇక్కడ ఉపకరిస్తుంది. నిషేధాన్ని పాటించినవానికి ప్రత్యేకంగా ఏ ఫలమూ రాదు. రాబోయే అనర్థం తప్పుతుంది, అంతే. నిషేధాన్ని ఉల్లంఘించి, ఉల్లంఘించడానికి చాలా కష్టపడ్డాను గనుక ఫలమివ్వమని అడిగేవాడు వాక్యస్వభావాన్నే పొరబడినవాడు. వార్డెన్‌తో పోరు ఫలం చెప్పని విశ్వజిత్తు కాదు, ఫలం అవసరం లేని కలంజనిషేధం.

హెచ్చరిక చాలునా?

ఈ సమాధానంతో చర్చ ముగిసిందనుకోవడానికి వీలులేదు. ఆక్షేపించేవాని పక్షాన మరొక బలమైన వాదముంది. అంతకు ముందు పదేళ్లకు పైగా అదే ఆట అతనికి వేరొక వ్యాకరణం నేర్పింది. ఎముకల భూతాన్ని చంపితే ఎముకలు దక్కాయి. మూడు తలల విదర్‌ను చంపితే నక్షత్రం దక్కింది. ఎంత భయంకరమైన శత్రువైతే అంత విలువైన వస్తువు అన్నది ఆ ఆట తానే అలవాటు చేసిన భాష. ఆ భాషలో పెరిగినవాని ముందు 500 పాయింట్ల ప్రాణబలాన్ని నిలబెట్టి, దీనిని నిషేధంగా చదువుకోమంటే న్యాయమేనా?

నిర్మాతల పక్షం వారు మూడు హెచ్చరికలను చూపుతారు. అరుపు వినిపించింది, చీకటి కమ్మింది, వెళ్లిపొమ్మన్నట్టే కదా అని. ఈ సందర్భంలో ఆరణ్యపర్వం చివరి యక్షప్రశ్నల ఘట్టం స్ఫురిస్తుంది. తెలుగులో అది ఎర్రన పూరించిన భాగంలో ఉంది. సరస్సు దగ్గరకు నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు వరుసగా వెళతారు. ప్రతివానికీ అశరీరవాణి వినిపిస్తుంది. తన ప్రశ్నలకు సమాధానం చెప్పి నీరు తాగమంటుంది. నలుగురూ వినరు, నలుగురూ పడిపోతారు. అర్జునుడు ఆ ధ్వని వచ్చిన దిక్కుకు బాణాలు కూడా వేస్తాడు. అది అతనికి తెలిసిన వ్యాకరణం. ధర్మరాజు ఆగి వింటాడు. బలం పనికిరాని చోట ఆగడమే నేర్పు అన్న నిర్మాణంలో సరస్సుకూ శిథిల నగరానికీ పోలిక స్పష్టం.

కాని పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి. యక్షుడు ప్రమాదాన్ని మాత్రమే చెప్పలేదు, షరతునూ చెప్పాడు. ఏం చేస్తే నీరు దక్కుతుందో, చేయకపోతే ఏమవుతుందో రెండూ ముందే తెలిపాడు. ష్రీకర్ అరుపు చెప్పేది ప్రమాదాన్ని మాత్రమే. ఈ పోరు నిష్ఫలమని అది చెప్పదు. పైగా పాత అలవాటు ప్రకారం ప్రమాదమే ఫలానికి గుర్తు. అందుచేత ఆ అరుపును కొందరు ఆహ్వానంగా విన్నారంటే తప్పు పూర్తిగా వారిది కాదు. ప్రమాదం గురించిన హెచ్చరికా, నిష్ఫలత గురించిన హెచ్చరికా రెండు వేర్వేరు బాధ్యతలు. నిర్మాతలు మొదటిదాన్ని ఆటలోనే చక్కగా నిర్వర్తించారు, రెండవదాన్ని ఆట బయట మాటల్లో చెప్పి సరిపెట్టారు. బయటి మాట వినని పిల్లవాడు గంటసేపు పోరాడి, దిమ్మొకటి చేతికి వచ్చినప్పుడు పొందే ఆశాభంగంలో సగం న్యాయమైనదే. మిగిలిన సగం, అంటే పెద్ద కష్టానికి పెద్ద వస్తువు రావలసిందేనన్న కోరిక, వాగ్దానం లేని చోట అప్పు అడగడం వంటిది.

కష్టం ఒకటి కాదు

కష్టానికి తగిన ఫలం అన్న మాటలో కష్టమనే పదం మూడు వేర్వేరు విషయాలను కలిపేస్తుంది. పనికి కావలసిన నేర్పు ఒకటి. ఓడితే పోగొట్టుకొనేది రెండవది. వెచ్చించిన కాలం మూడవది. డీప్ డార్క్‌లో నేర్పు నిజానికి అంత అరుదైనది కాదు. వంగి నడవడం, ఉన్ని పరచడం, మంచుబంతిని దూరంగా విసిరి వార్డెన్ దృష్టి మళ్లించడం పదేళ్ల పిల్లలు కూడా నేర్చుకోగలరు. భయంకరమైనది రెండవది. చనిపోయినవాని వస్తువులన్నీ అక్కడే పడిపోతాయి. ఆ పరిసరాల్లో ఆట నడుస్తూ ఉంటే ఐదు నిమిషాల్లో అవి మాయమవుతాయి. వారాల తరబడి కూడబెట్టిన కవచమూ ఆయుధాలూ ఒక్క తప్పటడుగుతో పోవచ్చు. పేదవాడు ఏమీ లేకుండా దిగితే పోయేదేమీ లేదు. సంపన్నుడు దిగితే సమస్తమూ పణం. ఒకే ప్రాంతం ఇద్దరికీ ఒకే కష్టం కాదు. కనుక ప్రాంతపు కష్టాన్ని బట్టి ఫలం నిర్ణయించాలన్న సూత్రానికి ఆదిలోనే చిక్కు వస్తుంది. ఎవరి కష్టాన్ని బట్టి?

మూడవది, కాలం, అన్నిటికంటె మోసపూరితమైనది. 2023 జూన్‌లో వచ్చిన 1.20 సంస్కరణలో 'సైలెన్స్' అనే కవచాలంకారాన్ని ఈ నగరపు పెట్టెల్లో చేర్చారు. ఒక పెట్టెలో అది దొరికే అవకాశం నూటికి ఒకటి కంటె కాస్త ఎక్కువ. దానివల్ల బలమేమీ పెరగదు, అది కేవలం అలంకారం. అరుదైనది గనుక కోరిక పెరిగింది. ఒక నగరం చాలక, రెండవదీ పదవదీ వెతకవలసి వచ్చింది. పదవ నగరంలో ఆటగాడు చప్పుడుకు ఉలికిపడడు. వరుసగా ష్రీకర్లను పగలగొట్టుకుంటూ, ఉన్ని పరచుకుంటూ, గుమాస్తా కాగితాలు తిరగవేసినట్టు పెట్టెలు తిరగవేస్తాడు. స్విఫ్ట్ స్నీక్ ఆ ప్రాంతపు భయాన్ని గౌరవించిన ఫలం. సైలెన్స్ అలంకారం, పేరు నిశ్శబ్దమైనా, ఆ భయాన్ని అరగదీసిన ఫలం. ప్రాంతం మొత్తంలో నిర్మాతల తీర్పు తప్పిన చోటు ఇదేనని చెప్పవచ్చు. వార్డెన్‌కు ఫలం లేకపోవడం కాదు.

బయటి బహుమతి లోపలి ఆసక్తిని తరుగజేస్తుందన్న విషయం మనోవిజ్ఞానంలో కొత్తది కాదు. లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, బొమ్మలు గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పించుకున్న చిన్నపిల్లలు ఆ తర్వాత స్వేచ్ఛగా ఉన్నప్పుడు తక్కువగా గీశారు. అనుకోకుండా పత్రం పొందినవారిలో ఆ తరుగు కనిపించలేదు. అయితే ఆటల విషయంలో బెర్నార్డ్ సూట్స్ 1978 నాటి 'ది గ్రాస్‌హాపర్' గ్రంథంలో చేసిన ఆలోచన మరింత మూలాలకు పోతుంది. ఆయన అభిప్రాయంలో ఆట అంటే అనవసరమైన అడ్డంకులను దాటడానికి ఇష్టపూర్వకంగా పూనుకోవడం. అడ్డంకి ఎవరూ నెత్తిన రుద్దినది కాదు, కోరి తెచ్చుకున్నది. అలాగైతే ఆ అడ్డంకిని ఓర్చుకున్నందుకు పరిహారం అడగడం, విందుకు వచ్చి తిన్నందుకు కూలి అడగడంలా ఉంటుంది.

ముందు వచ్చినవారు, వెనుక వచ్చినవారు

పరిహారం అడగకపోయినా పోల్చుకోవడం మాత్రం ఆగదు. దీనికి మరొక స్వీడిష్ సంస్థ ఐరన్ గేట్ నిర్మించిన 'వాల్‌హైమ్' మంచి ఉదాహరణ. 2021 ఫిబ్రవరి 2న అసంపూర్ణ రూపంలో విడుదలైన ఈ మనుగడ ఆటలో 2024 మే నెలలో 'ఆష్‌ల్యాండ్స్' అనే నిప్పుల ప్రాంతాన్ని చేర్చారు. మరిగే సముద్రాన్ని దాటి వెళ్లాలి, మామూలు ఓడ ఆ నీటిలో నిలవదు. తీరం చేరగానే కాలిన శవసైనికులు గుంపులుగా మీదపడతారు. ఊపిరి తీసుకొనే వ్యవధి కూడా లేదన్న విమర్శ వచ్చింది. కొత్త లోహంతో చేసిన గొప్ప ఆయుధాలు చేతికి వచ్చేసరికి వాటితో ఎదుర్కొనవలసిన మరో ప్రాంతమేదీ అప్పటికి మిగలలేదన్నది దానికంటె లోతైన విమర్శ. నిర్మాతలు తరువాతి సవరణల్లో శత్రువుల సంఖ్యను కొంత తగ్గించారు.

తగ్గించక ముందే దాటినవారి సంగతేమిటి? మత్తయి సువార్తలోని ద్రాక్షతోట ఉపమానం సరిగ్గా ఈ ప్రశ్ననే అడుగుతుంది. తెల్లవారుజామున వచ్చినవారికీ, పొద్దుగూకే గంట ముందు వచ్చినవారికీ యజమాని ఒకే కూలి ఇస్తాడు. ఎండంతా ఓర్చినవారు సణుగుతారు. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే ఇచ్చాను గదా అంటాడు యజమాని. ఆష్‌ల్యాండ్స్‌ను ముందు దాటినవారి వస్తువులను ఎవరూ తీసుకోలేదు. వెనుక వచ్చినవారికి దక్కినదీ అదే లోహం. అయినా ముందువారిలో కొందరికి ఏదో పోయిందనిపించడం అసహజం కాదు. పోయినది లోహం కాదు, కొద్దిమందే దాటారన్న ప్రతిష్ఠ. ప్రతిష్ఠ స్వభావమే పరుల లేమి మీద ఆధారపడడం. నిర్మాతలు దానిని ఎవరికీ వాగ్దానం చేయలేదు, చేయగలిగినదీ కాదు. ద్రాక్షతోట కూలీల పరిస్థితి ఇంతకంటె జటిలం. వారికి ఆ దేనారం తిండి. ఎండలో ఒళ్లు వంచింది సరదాకు కాదు. వారి సణుగుడుకు ఉన్న బరువు ఆటగాడి సణుగుడుకు లేదు.

న్యాయపు నీడ

ఆటల గురించి సాధించిన నిర్ణయాన్ని బతుకులోకి తరలించడంలో ఉన్న అపాయం ఇక్కడే. వార్డెన్ ఫలమివ్వకపోవడం అన్యాయం కాదు, ఎందుకంటే దాని జోలికి పోకుండా ఉండే దారి తెరిచే ఉంది. ఉన్ని పరచుకొని పక్కనుంచి వెళ్లవచ్చు. ఆ నగరానికి అసలు పోకుండానే ఆట ఆడవచ్చు. కూలి ఎగ్గొట్టిన యజమాని, శ్రమ తనకు తానే ఫలమని కూలివానికి బోధిస్తే అది తత్త్వం కాదు, దొంగతనానికి వేసిన ముసుగు. నిరాకరించే వీలున్న శ్రమకూ, లేని శ్రమకూ ఒకే న్యాయం వర్తించదు. నిష్కామకర్మ పేరిట జరిగిన అనేక బోధల్లో ఈ భేదం మరుగున పడింది.

విశ్వజిన్న్యాయానికి మరో నీడ ఉంది. శ్రమ ఉన్నచోట ఫలం ఉండి తీరుతుందని నమ్మినవారు క్రమంగా దాన్ని తిరగవేస్తారు. ఫలం లేదంటే శ్రమ లేదన్నమాటే అంటారు. తర్కంలో మొదటి వాక్యం నిజమైతే రెండవది దాని నుంచి తప్పక వస్తుంది కూడా. అందుకే మొదటి వాక్యం గురించి అంత జాగ్రత్త అవసరం. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లల ఇళ్లలో ఈ అనుమానం ప్రతి వేసవిలోనూ పనిచేస్తుంది. ప్రవేశపరీక్షలో సీట్లు ఇన్నని ముందే నిర్ణయమై ఉంటాయి. రాసేవారందరూ రెట్టింపు కష్టపడినా ఒక్క సీటు పెరగదు. అయినా ర్యాంకు రాని పిల్లవాణ్ని చూసి, సరిగా చదవలేదని నిర్ణయించేస్తారు. అతడు తెల్లవారుజామున నాలుగింటికి లేచిన రోజులన్నీ ఆ ఒక్క అనుమానంతో చెరిగిపోతాయి. ఆ పిల్లవానికి పక్కనుంచి పోయే దారి ఎవరూ చూపలేదు. ఉన్ని పరచి ఉంచలేదు.

ఆటలాడేవారిలోనూ ఇదే నీడ చిన్న ఎత్తున కనిపిస్తుంది. ప్రాంతం కఠినంగా ఉందన్నవానికి, నీకు ఆడడం రాదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. వాల్‌హైమ్ నిర్మాతలు 2023లోనే ప్రపంచపు కఠినతను ఎవరికివారు సవరించుకొనే ఏర్పాటు చేశారు. మైన్‌క్రాఫ్ట్‌లో చనిపోయినా వస్తువులు పోకుండా ఉండే నియమాన్ని కోరుకున్నవారు పెట్టుకోవచ్చు. ఇటువంటి సవరణలను వాడేవారిని తక్కువగా చూడడం, ఒకరి నేర్పును మరొకరి ఓటమితో కొలవడమే. డీప్ డార్క్‌లో వస్తువులు పోగొట్టుకునే భయం తీసివేస్తే ఆ ప్రాంతం చాలావరకు ఖాళీ అవుతుందన్నది నిజం. కాని ఏ భయాన్ని ఎంత మోయాలో నిర్ణయించుకొనేది మోసేవారే.

ఏన్షియెంట్ సిటీ నడిబొడ్డున ఒక పెద్ద చట్రం నిలబడి ఉంటుంది. చూడడానికి ద్వారబంధంలా ఉంటుంది. దాన్ని కట్టిన దిమ్మ పేరు రీయిన్‌ఫోర్స్డ్ డీప్‌స్లేట్. మనుగడ పద్ధతిలో ఏ పనిముట్టుతో తవ్వినా ఆ దిమ్మ చేతికి రాదు, పేలుడుకు చెక్కుచెదరదు. ఆ చట్రంలోంచి నడిచి ఇవతలి నుంచి అవతలికి వెళితే అదే నగరం, అదే చీకటి. అది ఏమిటో నిర్మాతలు చెప్పలేదు. ప్రాంతం విడుదలైన నాటి నుంచి ఆటగాళ్లు దానిలో నిప్పు పెట్టి చూశారు, నీళ్లు పోసి చూశారు, ఎకో షార్డులు విసిరి చూశారు. ఇంత పెద్ద చట్రాన్ని ఏమీ లేకుండా ఎవరు కడతారని వారి ప్రశ్న. దానికి అవతల ఒక కొత్త లోకం ఉండి తీరుతుందని ఇప్పటికీ చాలామంది నమ్మకం. కింద ష్రీకర్ ఉందేమో చూసుకొని, ఉన్ని మీద వంగి నిలబడి, ఇంకో వస్తువు విసిరి చూస్తారు.